దేవుని సమయము, మన ఆలస్యము

బళ్ళారి సీమలో, అందును కురుగోడు చుట్టుపట్ల, నల్లరేగడి నేలను నమ్ముకొని బ్రతికిన కుటుంబములకు ఎదురుచూచుట యన నేమో ఒకరు బోధింప నక్కరలేదు. ముంగారు వానలు మోసపుచ్చిన యేట హింగారు వానలకై, అవియు తప్పిన యేట మరుసటి మృగశిర కార్తెకై ఆకాశమువైపు చూచుచు మన పెద్దలు ప్రొద్దులు గడపినారు. అయితే ఆ చూపులో దిగులెంత యున్నను సోమరితనము లేదు. వాన రాకమునుపే పొలము దున్ని యుంచిరి, ఎరువు తోలిరి, గొఱ్ఱు, గుంటక బాగుచేయించి సిద్ధపరచిరి, విత్తనపు జొన్నలను వేపాకుతో కలిపి కుండలలో దాచిరి. ఆకలి బాధించినను ఆ కుండ జోలికి పోకుండ కడుపు బిగబట్టుకొనిరి. వాన తమ చేతిలోనిది కాదు. దుక్కి తమ చేతిలోనిది. ఈ రెంటి నడిమి హద్దును వారు చక్కగా నెరిగియుండిరి.

భక్తుడైన యాకోబు తన పత్రికలో ప్రభువు రాకకై ఓపికతో నుండుడని విశ్వాసులను హెచ్చరించునప్పుడు పోలికగా చూపినది రాజును కాదు, పండితుని కాదు. తొలకరి వర్షమునకును కడవరి వర్షమునకును కనిపెట్టుకొని యుండు వ్యవసాయకుని. పాలస్తీనా దేశపు రైతు వేరు, కురుగోడు రైతు వేరు కాదని ఆ మాట చదివినప్పుడెల్ల మాకు తోచుచుండును.

నేడు మన క్రైస్తవ కుటుంబములలో "దేవుని సమయము" అను మాట వినబడని దినము లేదు. ఉద్యోగము రాని కుమారునితో ఈ మాట. పెండ్లి కుదురని కుమార్తెతో ఈ మాట. సంతానము లేని దంపతులతో, తీరని వ్యాధితో మంచము పట్టినవారితో, ఏండ్ల తరబడి న్యాయస్థానపు మెట్లెక్కి దిగువారితో కూడ ఈ మాటే. ఇది సత్యమైన మాట. అనేకుల కన్నీరు తుడిచిన మాట. కాని మంచి మందైనను రోగ మెరుగక ఇచ్చినచో కీడు చేయును గదా! ఏ నిరీక్షణము దేవుడు మన కప్పగించినది? ఏ నిరీక్షణము మనుష్యుల నిర్లక్ష్యము వలన కలిగినది? రెండవదానికి మొదటిదాని పేరు పెట్టవచ్చునా? ఈ ప్రశ్ననే ఈ చిన్న వ్యాసమున విచారింప దలచినాము. ఇది క్రైస్తవులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని ఇతర పాఠకులు తలపవలదు. కురుగోడులో దొడ్డబసవేశ్వరుని సన్నిధిని ఏకశిలలో మలచిన ఆ మహానందిని చూడని తెలుగు కుటుంబము ఈ ప్రాంతమున నుండదు. కూర్చుండియు లేచుటకు సిద్ధముగా నున్నట్లు తోచు ఆ భంగిమను శిల్పి యెందులకు ఎన్నుకొనెనో ఒకమారు ఆలోచించినచో, మేము చెప్పబోవు విషయము అన్యమైనదిగా తోపదు.

ముందుగా పరిశుద్ధ గ్రంథమునే చూతము. అబ్రాహాము డెబ్బది యైదేండ్ల వయస్సున వాగ్దానమును నమ్మి బయలుదేరెను. నూరేండ్ల వయస్సున గాని ఇస్సాకు పుట్టలేదు. ఈ ఇరువదియైదేండ్ల నడుమ అబ్రాహాము దంపతులు తొందరపడి హాగరను దాసి ద్వారా సంతానము కోరిరి. ఆ తొందరపాటునకు శిక్ష యెవరికి తగిలినది? భుజముపై నీళ్ళతిత్తితో, వెంట బిడ్డతో ఎడారి పాలైనది దాసియే. కలవారి అసహనమునకు వెల చెల్లించినది లేనివారే. ఓపిక యనునది ఆత్మకు అలంకారమైన గుణము మాత్రమే కాదనియు, మన ఓపికలేమి వలన నష్టపడువాడు తరచుగా మన యింటి గడప కావల నుండుననియు ఈ కథ తెలుపుచున్నది.

యోసేపు చరిత్ర ఇంకను లోతైనది. చెరసాలలో నున్న యోసేపు పానదాయకుల అధిపతి కలకు భావము చెప్పి, నీకు మేలు కలిగినప్పుడు నన్ను ఫరోతో జ్ఞాపకము చేయుమని వేడుకొనెను. అట్లు వేడుట అవిశ్వాసము కాదు. దేవుడు తనకు తోడైయుండెనని యెరిగినవాడే మనుష్యుని సహాయము నడిగెను. ఆ అధికారి విడుదలయై, పదవి పొంది, మరచిపోయెను. రెండు నిండు సంవత్సరములు గడచినవి. తుదకు ఫరో కల కనినప్పుడు ఆ అధికారి ఏమనెను? ఇది దేవుని సమయము గనుక ఇంతకాలము ఊరకుంటి నని యనలేదు. నేడు నా తప్పిదములు జ్ఞాపకము వచ్చుచున్నవని ఒప్పుకొనెను. ఆ తప్పిదములలో తన మరపును కూడ అతడు లెక్కించెనని మేము చదువుకొనుచున్నాము. మరి యోసేపో? అన్నలు తన యెదుట వణకుచు నిలిచినప్పుడు, మీరు కీడు తలచితిరి, దేవుడు దానిని మేలుగా మార్చెనని ఓదార్చెను. ఆ మాట చెప్పుటకు అతడొక్కడే అర్హుడు. అవే సంవత్సరములు, అదే చెర. కాని యోసేపు నోట అది దేవుని నడిపింపు, అధికారి నోట అది తప్పిదము. ఇద్దరును సత్యమే పలికిరి. అధికారి తన మాట మాని యోసేపు మాటను ఎరువు తెచ్చుకొనియుండినచో మాత్రము అది అసత్యమై యుండెడిది.

మేము చెప్పదలచినదంతయు ఇందులోనే కలదు. "దేవుని సమయము" అను మాట నిరీక్షించినవాని నోట సాక్ష్యము. నిరీక్షింపజేసినవాని నోట సాకు.

ఇక మన దేశ చరిత్రలోనికి వత్తము. లండను మిషనరీ సంఘమునకు చెందిన జాన్ హాండ్సు దొర 1810లో బళ్ళారికి వచ్చెను. అప్పటికి కన్నడమున అచ్చుపడిన బైబిలు లేదు. భాష నేర్చుకొనుట, తర్జుమా చేయుట, చేసినదానిని దిద్దుట, మరల దిద్దుట. ఇట్లు సుమారు ఇరువది యేండ్లు శ్రమించిన పిదపనే, 1830 ప్రాంతమున, కన్నడ బైబిలు సంపూర్ణమైనది. ఆయన తోడి పనివాడైన విలియం రీవు కన్నడ నిఘంటువును కూడ కూర్చెను. వారును ఎదురుచూచినవారే. కాని వారి ఎదురుచూపు ఒక్కొక్క పదముగా ముందుకు నడచినది. మన పొరుగు కన్నడ సోదరులు నేడు తమ మాతృభాషలో ప్రార్థించుచున్నారన్న, ఆ మందగమనమునకు అందులో భాగము కలదు.

తెలుగువారి సంగతికి వచ్చినచో ఒంగోలు చరిత్రను మించిన ఉదాహరణము లేదు. అమెరికా బాప్తిస్టు సంఘమువారి తరఫున శామ్యూల్ డే దొర 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఏండ్లు గడచినను విశ్వాసులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే. ఫలములేని ఈ పని మానుదమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండు మార్లు చర్చించిరి. 1853లో జరిగిన అట్టి చర్చలోనే, వారి పటములో ఒంటరిగా నున్న ఈ కేంద్రమునకు "ఒంటరి నక్షత్రము" అను పేరు వచ్చినది. మూయవలసినదన్న సంస్థను మూయలేదు. మరుసటి సంవత్సరాదిన, అనగా 1854 జనవరి 1వ తేదీ ఉదయమున, లైమన్ జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై మోకరించి, ఆ చోటికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ సేవకుడు జాన్ క్లౌ దొర నెల్లూరు చేరినది 1865లో. ఒంగోలులో కాపురముండినది 1866లో. విచిత్రమేమన, డే దొర ఈ దేశమున కాలుమోపిన 1836లోనే క్లౌ దొర జన్మించినాడు. పంపుమని కొండపై ప్రార్థించినప్పటికి ఆయన పదునెనిమిదేండ్లయినను నిండని బాలుడు.

ఇంతవరకు మన ప్రసంగీకులు తరచుగా చెప్పుదురు. తరువాతి భాగమును అంతగా చెప్పరు. మా దృష్టిలో అదియే ముఖ్యము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని మహాక్షామము పట్టి పీడించినది. మన బళ్ళారి మిక్కిలి నష్టపడిన జిల్లాలలో నొకటి. క్లౌ దొర పూర్వము భూమి కొలతల పని నేర్చినవాడు. బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ళ పనిని ఆయన గుత్తకు తీసికొని, ఆకలితో నున్న వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము నిమ్మని గుంపులు గుంపులుగా జనులు వచ్చిరి. నలుబదేండ్లు ఎదురుచూచిన ఫలము కన్నుల యెదుట పండియున్నది. అట్టి సమయమున ఆయన ఒకటి గాదు రెండు గాదు, సుమారు పదునైదు మాసములు బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నము కొరకు వచ్చినవా డెవడో, అంతరాత్మ చెప్పగా వచ్చినవా డెవడో తేలవలెనని ఆయన భావము. క్షామపు కూళ్ళు ముగిసి, ఇచ్చుటకు తన చేతిలో ధనము లేనప్పుడు గాని ద్వారము తెరువలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి యొద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచిరి.

ఇందు గమనింపవలసినది 2,222 అను సంఖ్య కాదు. క్లౌ దొర ఏది వాయిదా వేసెను, ఏది వాయిదా వేయలేదు అనునది. తన సంఘమునకు కీర్తి తెచ్చుదానిని వాయిదా వేసెను. ఆకలిగొన్నవాని కూలిని వాయిదా వేయలేదు. తన కోరికతో "ఆగుము" అనెను. పరుని కడుపుతో "ఆగుము" అనలేదు. అదే క్షామకాలమున ధాన్యపు వర్తకములో ప్రభుత్వము చేయిపెట్టరాదను సిద్ధాంతమును పట్టుకొని, ధరలు వాటంతట అవియే దిగివచ్చునని ఓపికపట్టిన పాలకులును ఉండిరి. వారి ఓపిక యెందరి ప్రాణములు తీసినదో చరిత్ర యెరుగును. రెండును ఓపికలే. ఒకటి తన ఖర్చుతో పట్టినది; రెండవది పరుల ఖర్చుతో పట్టినది.

మన ప్రాంతమునకు మరలుదము. తుంగభద్రకు ఆనకట్ట కట్టి ఈ మెట్టసీమను తడుపవచ్చునను ఆలోచన 1860 నాటికే ఆర్థర్ కాటన్ దొరకు కలిగినదందురు. శంకుస్థాపన జరిగినది 1945లో. కాలువలకు నీరు వదలినది 1953లో. ఆలోచనకును నీటికిని నడుమ తొంబది యేండ్లకు పైగా గడచినవి. ఆ నడుమనే మహాక్షామము వచ్చి పోయినది. మద్రాసు, హైదరాబాదు, మైసూరు ప్రభుత్వముల నడుమ వాటాల వివాదములు సాగుచుండగా తరములు గతించినవి. ఆ కాలమునంతటిని "దేవుని సమయము" అని పిలుచుటకు మాకు నోరు రాదు. నీరు వచ్చిన నాడు ఒక వృద్ధ రైతు ఆకాశమునకు చేతులెత్తి మ్రొక్కియుండినచో అది ధర్మమే. కాని ఆలస్యము చేసిన కచ్చేరీలు అదే మ్రొక్కు మ్రొక్కినచో అది ధర్మము కాదు.

ఆ 1953వ సంవత్సరముననే, అక్టోబరు 1వ తేదీన, ఆంధ్ర రాష్ట్ర మేర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు చేరగా బళ్ళారి తాలూకా మైసూరున చేరినది. కురుగోడు ఇటే నిలిచినది. ఎచటికిని కదలకుండగనే మన కుటుంబములు అల్పసంఖ్యాకులైనవి. పిమ్మట కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులును కూలీలును వచ్చి, తుంగభద్ర ఆయకట్టులో "క్యాంపు"లు కట్టుకొని, తుమ్మ కొట్టి, నేల చదును చేసి, నీటికై కాచుకొనిరి. వారితోడనే చిన్న చిన్న ప్రార్థనా మందిరములును వెలసినవి.

కాలువ క్రింద సేద్యము చేయువారికి ఒక సంగతి విశదము. కాలువ తలాపున నున్న పొలమునకు నీరు ముందందును; తుదనున్న పొలమునకు తరువాత అందును. ఇది కాలువ స్వభావము. తుది రైతు కొంత ఓపిక పట్టవలసినదే. కాని పైనున్నవాడు తన వంతు ముగిసిన పిదపను రాత్రివేళ తూము తెరచినచో, క్రిందివాని పైరు ఎండుట కాలువ స్వభావము కాదు. అట్టివాడు మరునాడు ఆదివారమున మందిరములో తుది రైతు ప్రక్కన కూర్చుండి, "సోదరా, దేవుని సమయమునకై కనిపెట్టుము" అనినచో ఆ మాటను ఏమందుము?

ఇతరులను వేలెత్తి చూపుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. చాలకాలము క్రిందట మేము ఒక సంఘమున పెద్దరికము వహించియుండగా ఒక వితంతువు మా యొద్దకు వచ్చినది. ఆమె భర్త పని చేసిన చోటినుండి రావలసిన కొద్దిపాటి ధనమునకు మా సంతకముతో నొక ధ్రువపత్రము కావలెను. కాగితము తీసికొని, చూతమని చెప్పి, మా బల్ల సొరుగులో నుంచితిమి. ఆమె మరల వచ్చినప్పుడు, పనుల తొందరలో, "అమ్మా, ప్రార్థన చేయుము, దేవుడు తన సమయమున తప్పక చేయును" అంటిమి. ఆమె తల వంచుకొని, "అట్లే నయ్యగారూ" అని వెడలిపోయినది. ఇట్లు నాలుగు మాసములు గడచినవి. ఒకనాడు మరేదో వెదకుచు సొరుగు లాగగా ఆ కాగితము కంటబడినది. మా గుండె జల్లుమన్నది. ఆ నాలుగు మాసములును ఆమె ప్రతిదినము మోకరించి దేవుని అడుగుచుండెను. జవాబు మా సొరుగులో నుండెను. ఆ సాయంకాలమే సంతకము చేసి, స్వయముగా తీసికొనిపోయి యిచ్చి, క్షమింపుమని అడిగితిమి. ఆమె, "అంతయు దేవుని చిత్తమే నయ్యగారూ" అనినది. ఆమె అనుటకు తగిన మాట అది. మేము విని సంతోషించుటకు తగిన మాట కాదు. నాటినుండి ఎవరికైనను ఈ ఓదార్పు చెప్పబోవునప్పుడు, ముందుగా మా సొరుగు తెరచి చూచుకొనుట అలవాటు చేసికొన్నాము.

అయినచో దేవుని సమయమునందు నమ్మిక యుంచుట వ్యర్థమా? కానే కాదు. మనుష్యుడు చేయగలిగినదంతయు చేసిన పిదప కూడ, చేతికందని భాగము మిగులును. విత్తనమును మొలకెత్తించువాడు రైతు కాడు. మందిచ్చు వైద్యుడు ప్రాణమునకు యజమాని కాడు. ఎడబాటు పొందిన కుమారుని మనస్సును తల్లి బలవంతముగా త్రిప్పజాలదు. ఆ మిగిలిన భాగమునందే నిజమైన నిరీక్షణము కలదు. అది చిన్నది కాదు. ఒక్కొక్కప్పుడు జీవితమంతయు అదియే. యెరూషలేము దేవాలయమున సుమెయోనును, ఎనుబది నాలుగేండ్ల వృద్ధురాలైన అన్నయు ముదిమివరకు కనిపెట్టుకొని యుండిరి. లాజరు వ్యాధి సంగతి విని యేసు రెండు దినములు ఆలస్యము చేసినప్పుడు మార్తయు మరియయు ఆ ఆలస్యమునకు అర్థ మెరుగరు. నీవిక్కడ ఉండినచో మా సహోదరుడు చావకుండునని ఆయన ముఖముననే యనిరి. ఆయన వారిని గద్దింపలేదు. వారితో కన్నీరు విడిచెను. దేవుని సమయమును నమ్ముటయన ప్రశ్నింపకుండుట కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? కీర్తనకారులు ఎంతకాలము ప్రభువా యని మొఱపెట్టుటయు ప్రార్థనయే.

కావున ఈ మాటను వాడుటకు ముందు మనల మనము మూడు ప్రశ్నలు అడుగుకొనుట మేలని మా విన్నపము. మొదటిది: ఈ నిరీక్షణమును తగ్గించు శక్తి నా చేతిలో నున్నదా? ఉన్నచో ముందు ఆ పని చేయవలెను; మాట తరువాత. రెండవది: ఈ ఆలస్యము వలన లాభపడువా డెవడు? నేనే యైనచో నాకు బోధించు హక్కు లేదు. మూడవది: కాచుకొనియున్నవానితో నేనును కాచుకొని యుందునా, లేక మాట విసరి నా దారిని పోవుదునా? రోగి మంచము ప్రక్కన రాత్రి కూర్చుండినవాడు "దేవుని సమయము" అనినచో రోగికి ధైర్యము కలుగును. గుమ్మములో నిలిచి చెప్పులు విడువకయే అనినచో భారము కలుగును.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయపు ముప్పదిమూడు గేట్లలో పందొమ్మిదవది కొట్టుకొనిపోయిన వార్త వినినప్పుడు ఈ ప్రాంతమున నిద్ర పట్టిన రైతు లేడు. నిండిన జలాశయము కన్నుల యెదుట నదిపాలగుచుండెను. ప్రార్థించినవారు ఎందరో. అదే వారమున, తెలుగువాడైన గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి సలహాతో, పారుచున్న నీటిలోనే ఇనుప పలకలు దింపి 17వ తేదీకెల్ల ప్రవాహమును నిలిపిరి. ప్రార్థించినవారిలో నెవరును, దేవుడు తన సమయమున గేటును తానే మూయును గనుక పనివారిని వెనుకకు పిలువుడని యనలేదు. పలకలు దింపినవారిలో నెవరును ప్రార్థనను పరిహసించినట్లు మేము వినలేదు. ఇనుము విషయమున మనకున్న ఈ వివేకము మనుష్యుల విషయమున కూడ ఉండినచో ఎంత బాగుండును!

మన యిండ్లలో నేడును కాచుకొనియున్నవారు కలరు. వారికి దేవుని సమయమును గూర్చి నమ్మిక కలుగునుగాక. వారి దుక్కి తప్పకుండునుగాక. వారి విత్తనపు కుండ భద్రముగా నుండునుగాక. తలాపున నున్న మనము మాత్రము ఈ రాత్రి పడుకొనబోవుటకు ముందు, తుది పొలమువాని నీరు మన తూములో నిలిచిపోయినదేమో ఒకమారు లాంతరు పట్టుకొని పోయి చూచి వత్తము.